అవతల ఎవరూ లేని ఫోను

ముందే ఒప్పుకుంటున్నాను. నాకు పెంచి చెప్పే జబ్బుంది. మా ఇంట్లో దోసె పలచగా వచ్చిందంటే దాని గుండా తిరుమల కొండ కనిపించిందంటాను. వంద మంది వచ్చిన సభను చూస్తే నా కంటికి రెండు వేల మంది కనిపిస్తారు. ముందు వరసలో లావుపాటి వాళ్ళు కూర్చుంటే మూడు వేలు. ఇది రాజకీయాల్లోకి వచ్చాక అంటుకున్న జబ్బు కాదు. ఇది ఉన్నందుకే రాజకీయాల్లోకి రాగలిగాను. కాబట్టి నేనిచ్చే ప్రతి అంకెనూ పదితో భాగించుకోండి. ఒకచోట మాత్రం పెంచడంతో ఆగలేదు, పూర్తిగా కల్పించాను. అదెక్కడో చివర చెబుతాను. మధ్యలోనే కనిపెట్టేశారంటే మీరు రాజకీయాలకు పనికిరారు, హాయిగా వేరే ఉద్యోగం చూసుకోండి.

నేనెవరో చెప్పాలి కదా. చిత్తూరు జిల్లా నుంచి మూడుసార్లు శాసనసభకు గెలిచాను, రెండుసార్లు ఓడాను. మధ్యలో రెండున్నరేళ్ళు విద్యాశాఖ మంత్రిగా ఉన్నాను. యాభై ఆరో ఏట ప్రజలు నాకు విశ్రాంతి మంజూరు చేశారు. మిగతా ఉద్యోగాల్లో రిటైరయ్యే రోజు శాలువా కప్పి పంపిస్తారు. మా ఉద్యోగంలో శాలువాలన్నీ ముందే కప్పేస్తారు, ఆ రోజు మాత్రం ఎవరూ రారు. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. పొద్దున నడకకు వెళితే తెలిసినవాళ్ళు "ఏం మాజీ, ఇంకో రౌండు పోతారా?" అని పలకరిస్తారు. నడక గురించే అడుగుతున్నారని అనుకుంటాను.

ఇది రాయడానికి కారణం మా తమ్ముడి కూతురు హేమ. ఈమధ్యే వాళ్ళ ఊళ్ళో సర్పంచిగా గెలిచింది. పోయిన నెల మా ఇంటికి వచ్చి, సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని, సంబరంగా చెప్పింది.

"పెద్దనాయనా, ఒగ ముసలాయన నీళ్ళ కొళాయి గురించి వచ్చినాడు. నేను నీ మాదిరే ఫోన్ తీసి, ఇంజనీరుతో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడినా. అవతల ఎవురూ లేరు! ఆయప్ప ఎంత సంతోషంగా పోయినాడో సూడల్ల నువ్వు."

నేను నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో ఆ పిల్లకు అర్థం కాలేదు. అది చెప్పడానికే ఈ కాగితాలు.

పెద్దాయన టెలిఫోను

నాకు రాజకీయం నేర్పిన మనిషిని అందరూ పెద్దాయన అనేవారు. పలమనేరు దగ్గర ఆయనకు మూడొందల ఆవులు, కంటికి ఆనినంత మేర టమోటా తోటలు, పదకొండు మంది తమ్ముళ్ళు ఉండేవారు. (తమ్ముళ్ళు ముగ్గురే. ఒక్కొక్కరు నలుగురి పెట్టు తినేవారు.) ఇంటి వరండాలో బల్ల మీద నల్ల టెలిఫోను ఉండేది. పొద్దున ఏడు గంటలకే జనం అర్జీలు పట్టుకుని వరసలో కూర్చునేవారు. పెద్దాయన ఒక్కొక్కరి గోడు మొత్తం వినేవాడు. తర్వాత రిసీవరు ఎత్తి, డయల్ తిప్పి మాట్లాడేవాడు.

"కలెక్టరు గారూ, మావాడొకడు వచ్చినాడు. పేదోడు. పని ఈ పొద్దే అయిపోవల్ల. అయితాదా? ఆ, అట్ల సెప్పండి మరి!"

వచ్చినవాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. హైదరాబాదుకైతే పెద్దాయన గొంతు కాస్త పెంచేవాడు. ఢిల్లీకైతే లేచి నిలబడి అరిచేవాడు. దూరం కదా.

నేను చేరిన నాలుగో రోజు, ఏదో కాగితం జారిందని బల్ల కిందికి వంగాను. టెలిఫోను తీగ బల్ల కాలు దాకా వచ్చి అక్కడితో ఆగిపోయి ఉంది. ఎలుకలు కొరికేసిన చివర. జనం వెళ్ళాక మెల్లగా అడిగాను.

"అయ్యా, దీనికి తీగ ల్యాదే!"

"గట్టిగా మాట్లాడొద్దురా. ఎలుకలు కొరికి రెండేండ్లయింది."

"మరి కలెక్టరు?"

"ఆయన చిత్తూర్లోనే ఉండాడు లేరా, యాడికీ పోడు. వచ్చినోడు ముందు కడుపు సల్లబడి ఇంటికి పోవల్ల. అది మన మొదటి పని."

మొదటి పని అన్నాడు. రెండో పని ఏమిటని నేను అడగలేదు. నా వృత్తిలో నేను చేసిన అతి పెద్ద తప్పు అదే. అది తప్పని తెలియడానికి నాకు పాతికేళ్ళు పట్టింది.

ఆయన దగ్గర ఇంకా చాలా నేర్చుకున్నాను. పెళ్ళికి వెళ్ళకపోయినా ఫరవాలేదు, చావుకు మాత్రం శవం లేచేలోపు వెళ్ళాలి. మనిషి పేరు మరిచిపోతే వాళ్ళ నాయన పేరుతో పలకరించాలి, అదీ మరిచిపోతే "ఆవు ఎట్లుండాది?" అనాలి. మా వైపు ఆ ప్రశ్నకు జవాబు లేని మనిషి ఉండడు. ఇవన్నీ ఇప్పటికీ పనికొస్తాయి. కానీ కొత్తవాళ్ళకు నిజం చెప్పాలి: ఇవి ఉద్యోగం కాదు, ఉద్యోగం తలుపు. నేను తలుపు దగ్గరే ముప్పై ఏళ్ళు బాగా నిలబడ్డాను.

ఎడమ జేబు, కుడి జేబు

పెద్దాయన పోయాక ఆయన దగ్గర పనిచేసిన మణి నా దగ్గరికి వచ్చాడు. మణిది తమిళనాడు సరిహద్దు పల్లె. కోపం వస్తే తమిళం, లేకపోతే తెలుగు. నాతో ఉన్న పంతొమ్మిదేళ్ళలో ఎక్కువగా తమిళమే మాట్లాడాడు. అప్పటికి సెల్‌ఫోన్లు వచ్చేశాయి, ఎలుకల సాయం అవసరం లేకుండా పోయింది. మణి చొక్కాకు రెండు జేబులు. కుడి జేబులో అసలు ఫోను. ఎడమ జేబులో సిమ్ లేని పాత ఫోను. నేను మామూలుగా చేయి చాపితే కుడి జేబు. చెవి గోక్కుని చేయి చాపితే ఎడమ జేబు.

ఒకసారి ఎడమ జేబు ఫోనులో జిల్లా కలెక్టరును నిలబెట్టి కడిగేస్తున్నాను. ఎదురుగా బంగారుపాళ్యం మామిడి రైతులు నలభై మంది చేతులు కట్టుకుని వింటున్నారు. ఇంతలో నా చెవిలోనే ఆ ఫోను కోడిపుంజులా కూయడం మొదలుపెట్టింది. అలారం. సిమ్ తీసేశాడు గానీ మణి అలారం తీయలేదు. నలభై మంది నోళ్ళు తెరిచారు. మణి రెప్ప కొట్టకుండా ముందుకు వంగి, "సార్, సీయెం గారు రెండో లైన్లో వస్తా ఉండారు" అన్నాడు. రైతులు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ముఖ్యమంత్రికి మర్యాదగా.

నవ్వండి, నేనూ నవ్వాను. ప్రతిపక్షంలో ఉన్న రోజుల్లో ఆ ఎడమ జేబే నా అన్నం. నేను నిజంగా ఫోన్ చేసినా ఏ అధికారీ ఎత్తేవాడు కాదు. ఎత్తితే "సార్ మీటింగులో ఉన్నారు" అని సారే చెప్పేవాడు. చేతిలో ఏమీ లేనివాడు వచ్చినవాళ్ళకు ఒక మాట ఇచ్చి పంపడం అంత పెద్ద పాపం కాదని ఇప్పటికీ అనుకుంటాను.

కానీ తర్వాత మంత్రినయ్యాను. నా ఫోను మొదటి రింగు పూర్తి కాకముందే ఎత్తేవాళ్ళు. కొందరు రింగు కాకముందే ఎత్తేవాళ్ళు. మరి ఎడమ జేబు ఫోను అప్పుడైనా పారేయాలి కదా? పారేయలేదు. ఎందుకు పారేయలేదని ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. నిజం ఫోనైతే అవతలి మనిషి ఏదో ఒకటి అంటాడు. రూల్సు అంటాడు, ఇబ్బంది అంటాడు, రేపు గుర్తు చేయమంటాడు. అవతల ఎవరూ లేని ఫోనులో నా మాటకు ఎదురుండదు. అలవాటైతే ఆ సుఖం వదలదు.

మూడు బళ్ళు, ఒక పిల్ల

విద్యాశాఖ మంత్రికి ఏమి కనిపిస్తుందో కూడా చెప్పాలి. ఏర్పేడు చుట్టుపక్కల ఒకే రోజు మూడు బళ్ళు చూడ్డానికి వెళ్ళాను. మూడు బళ్ళలోనూ తడి సున్నం వాసన, మూడింట్లోనూ నిండుగా పిల్లలు. మొదటి బళ్ళో ముందు పళ్ళు రెండూ ఊడిన ఒక పిల్ల పదమూడో ఎక్కం గడగడా చెప్పింది. రెండో బళ్ళోనూ పదమూడో ఎక్కం చెప్పిన పిల్లకు ముందు పళ్ళు లేవు. మూడో బళ్ళో నేను ఆ పిల్ల పక్కన వంగి కూర్చున్నాను.

"ఏమ్మా, పొద్దున్నుంచీ నా కంటే జాస్తి తిరగతా ఉండావే?"

"అవును సార్" అంది. "మమ్మల్ని ఆటోలో తీసుకొచ్చినారు. అన్నం ఈ బళ్ళోనే బాగుండాది."

హెడ్మాస్టరు ముఖం గోడ సున్నంలో కలిసిపోయింది. నేను ఆయన్ను ఏమీ అనలేదు. నాకు చూపించడానికి ఆయన పిల్లల్ని తెచ్చుకున్నాడు. నేను చూపించడానికి ఫోను పెట్టుకున్నాను. ఇద్దరం ఒకే శాఖ.

రాజమ్మ అర్జీ

ఇక్కడి నుంచి అంకెలు భాగించొద్దు. ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

ఆ ఏడాది చిన్న బళ్ళను పక్క ఊరి పెద్ద బళ్ళలో కలిపే జాబితా తయారవుతోంది. నా శాఖే. దాని మీద సంతకం పెట్టాల్సిందీ నేనే. తోతాపురి మామిడి మార్కెట్టుకు వస్తున్న రోజులు, బళ్ళకు సెలవులు. చిత్తూరులో మా ఇంటికి పొద్దున్నే ఐదుగురు ఆడవాళ్ళు వచ్చారు. బంగారుపాళ్యం పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు. షిఫ్టుకు వెళుతూ వచ్చారేమో, జుట్టుకు తొడిగే గుడ్డ టోపీలు చేతుల్లోనే ఉన్నాయి. వాళ్ళల్లో ముందు నిలబడ్డ ఆమె పేరు రాజమ్మ. నలభై ఏళ్ళుంటాయి. పల్లెలో బడి తల్లిదండ్రుల కమిటీకి ఆమె పెద్ద.

"సార్, మా బడిని రోడ్డుకు అవతల ఉండే బళ్ళో కలిపేస్తారంట గదా" అంది.

"ఎంత దూరమమ్మా?"

"దూరం నిండా లేదు సార్. అర కిలోమీటరు. కానీ మధ్యలో మద్రాసు బెంగుళూరు రోడ్డుండాది. మా మొగోళ్ళే దాటేదానికి దేవుడికి మొక్కుకుంటారు. ఒకటో తరగతి బిడ్డలు యాడ దాటేది?"

"బళ్ళో ఎంతమంది?"

"పద్దెనిమిది మంది."

"ఇరవైకి తక్కువుంటే కలపాలని రూలు కదమ్మా."

"ఇంకా ఇద్దురు కడుపుల్లో ఉండారు సార్" అని పక్కనున్న ఇద్దరిని ముందుకు తోసింది. "రాసుకోండి. ఇరవై అయింది."

అందరం నవ్వాం. ఆ కడుపుతో ఉన్న ఇద్దరూ నవ్వారు. నాకు రాజమ్మ నచ్చింది. నిజంగా నచ్చింది. ఆమె పని చేసిపెట్టాలనే అనుకున్నాను. అనుకుంటూనే చెవి గోక్కున్నాను.

మణి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఎడమ జేబులోంచి ఫోను తీసిచ్చాడు.

"జిల్లా విద్యాధికారి గారా? బంగారుపాళ్యం పక్క పల్లె బడి ఒకటి జాబితాలో ఉందంట. దాన్ని ముట్టుకోవద్దు. రూల్స్ నాకు చెప్పొద్దండీ, రూల్స్ రాసిందే నేను. పిల్లలు హైవే దాటుతారా, మీరొచ్చి దాటిస్తారా? ఆ. అదీ."

ఫోను తిరిగి ఇచ్చేశాను. రాజమ్మ చేతిలో ఒక కాగితం ఉంది. ఊళ్ళో అందరి సంతకాలు, వేలిముద్రలు ఉన్నాయి. బడిని కలపొద్దని అభ్యంతరం. శుక్రవారం లోపల విద్యాధికారి ఆఫీసులో ఇవ్వాలి, అలా ఇస్తేనే విచారణ ఉంటుంది. మా ఇంటి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళాలని బయల్దేరారు.

"మీరే సెప్పినాక ఇంక ఇది ఏల సార్?" అంది రాజమ్మ. "ఆఫీసుకు పోతే మాకు ఒగ పూట కూలి పోతాది."

"అవసరం లేదమ్మా. పనికి పోండి" అన్నాను. ఆ కాగితం నేనే తీసుకుని మణికిచ్చాను.

ఆ పొద్దు అసలు ఫోను చేసినా అంతే సమయం పట్టేది. చేయి అదే, చెవి అదే, మాటలు కూడా అవే. జేబు ఒక్కటే తేడా. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు నేను రాసిందంతా మరిచిపోయినా ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకుంటే చాలు.

శుక్రవారం గడిచింది. జాబితా నా బల్ల మీదికి వచ్చింది. నూట ముప్పై పేజీలు. చివరి పేజీలో సంతకం పెట్టాను. ఆ పల్లె బడి పేరు ఏ పేజీలో ఉందో నేను చూడలేదు. అభ్యంతరం చెప్పని పల్లెల్లో అది కూడా ఉంది.

నారాయణస్వామి గారి తప్పు

బళ్ళు తెరిచిన వారానికి జిల్లా విద్యాధికారి నారాయణస్వామి గారు తిరుపతి అతిథి గృహానికి నన్ను చూడ్డానికి వచ్చారు. బక్కపలచని మనిషి, మెత్తని మనిషి. ఆయన కుర్చీలో కూర్చుంటే కుర్చీ ఖాళీగానే కనిపించేది. ఉద్యోగంలో ఇంకా ఏడు నెలలే ఉన్నాయి.

"సార్, నిన్న ముప్పై మంది ఆడోళ్ళు నా ఆఫీసు కాడికి వచ్చినారు" అన్నారు. "రాజమ్మ అని ఒగామె. 'మంత్రి సార్ ఫోన్ జేసి మా బడి ముట్టుకోవద్దని సెప్తే కూడా ఇనవా? ఆయన మాటకు ఎదురు పోతావా?' అని నన్ను ఉతికి ఆరేసింది సార్."

నేను బల్ల మీది నీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపాను.

"మీ మీద ఈగ వాలనీలేదు సార్ ఆమె. మంత్రి మంచోడు, ఆఫీసరే దొంగ అనింది. మీరు ఆ పొద్దు నాతో మాట్లాడిందంతా మాట పొల్లు పోకుండా సెప్పింది. 'నువ్వొచ్చి దాటిస్తావా' అని నన్ను అడిగినారంట గదా."

"మీరేం చెప్పారు?"

"ఫోన్ వచ్చింది నిజమే, నేనే మరిసిపోయినాను, తప్పు నాదే అని సెప్పినాను సార్."

ఎందుకలా చెప్పారని అడిగాను.

"నన్ను తిడితే ఏమయితాది సార్? ఏడు నెల్లకు ఇంటికి పోయేటోణ్ణి. మీరు ఫోన్ జేయలేదని తెలిస్తే, రేపు ఇంకో పల్లెకు మీరు నిజంగా మేలు జేసినా ఎవురూ నమ్మరు." చేతులు నలుపుకుంటూ మళ్ళీ అన్నారు. "ఆ బడి ఒగటి వెనక్కి ఇప్పించగల్తే సూడండి సార్."

ఆ క్షణంలో నాకు సిగ్గు వేసిందని రాయాలని ఉంది. వేయలేదు. హమ్మయ్య అనిపించింది. సిగ్గు తీరిగ్గా తర్వాత వచ్చింది. బడి వెనక్కి ఇప్పించే మాట రాజధానిలో అడిగాను. "ఒక్క బడిని తీస్తే రేపు మిగతా పల్లెలన్నీ మన గుమ్మంలో ఉంటాయి" అన్నారు పైవాళ్ళు. నేను రెండోసారి అడగలేదు. పైవాళ్ళ మీద తోసేయడం సులభం. రెండోసారి అడగనిది నేను.

నారాయణస్వామి గారు వెళ్ళాక మణి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. పెద్దాయన కాలం నుంచీ ఉన్న మనిషి. నేనే కదిలించాను.

"ఏం మణీ, పెద్దాయన నేర్పిందే గదప్పా నేను సేసింది? ఆయన ఫోనుకు తీగ కూడా లేకపాయె."

మణి ఆ రోజు తమిళం మాట్లాడలేదు.

"తీగ లేదు సార్. కానీ జనం పోయినాక ఆయన జీపెక్కేవాడు. పొద్దున ఎవురెవురికి ఫోన్ జేసినాడో ఆ ఆఫీసులన్నీ సాయంత్రం లోపల తిరిగి, ఎదురుగా కూసోని, పని జేయించుకుని వచ్చేవాడు. నేనే గదా జీపులో పక్కన కూసునింది." ఎడమ జేబు సర్దుకున్నాడు. "మీరు ఫోన్ అయినాక టిఫినుకు పోతారు."

పాతికేళ్ళ కింద నేను అడగని రెండో పని అదన్నమాట. ఆయన దగ్గర నేను ఫోను నేర్చుకున్నాను. జీపు నేర్చుకోలేదు.

ఎర్ర టవలు

ఆ తర్వాత నెల రోజులకు పలమనేరులో ఏదో ప్రారంభోత్సవం ఉండి, పొద్దున ఎనిమిదిన్నరకు హైవే మీద వెళుతున్నాం. సన్నగా చినుకులు. ముందు పోలీసు జీపు, వెనక నా కారు, ఆ వెనక ఇంకో ఐదారు. బంగారుపాళ్యం దాటుతుండగా పోలీసు జీపు గట్టిగా బ్రేకు వేసింది.

రోడ్డు మధ్య డివైడరు దగ్గర ఒక ఆడమనిషి ఎర్ర టవలు అడ్డంగా పట్టుకుని నిలబడి ఉంది. తలకు ఫ్యాక్టరీ టోపీ. రాజమ్మ. ఆమె వెనక నుంచి పిల్లలు వరసగా దాటుతున్నారు. ఆవును కట్టే పొడుగాటి పగ్గం ఒకటి, దాన్ని పద్దెనిమిది మందీ ఒక చేత్తో పట్టుకున్నారు. రెండో చేత్తో సంచులు తలమీద పెట్టుకున్నారు. షిఫ్టుకు ముందు వచ్చి రోజూ దాటిస్తోందని తర్వాత తెలిసింది.

పోలీసు జీపు సైరన్ కొట్టింది. ఆమె కదల్లేదు. కానిస్టేబులు దిగి పరిగెత్తాడు. మా కారులో ముందు సీట్లో మణి వైపు అద్దం సగం దించి ఉంది కాబట్టి మాటలు వినిపించాయి.

"మంత్రి కారమ్మా! తప్పుకో!"

"మంత్రి కారైతే ఏంది? బ్రేకులు లేవా దానికి?"

నేను అద్దం దించాను. తర్వాత తలుపు తీసుకుని దిగాను. చినుకుల్లో తడుస్తూ నడిచి ఆమె దగ్గరికి వెళ్ళాను. ఇద్దరి మధ్యా పగ్గం కదులుతోంది.

"రాజమ్మా" అన్నాను. "ఆ పొద్దు ఫోనులో అవతల ఎవరూ లేరమ్మా. నారాయణస్వామి గారికి ఏమీ తెలియదు. తప్పు నాది."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. తిట్టలేదు, ఏడవలేదు.

"అట్లనా సార్" అంది. "సరే, వచ్చినారు గదా. ఈ టవలు రోంచేపు పట్టుకోండి. నాకు చెయ్యి పీకతా ఉండాది."

ఎర్ర టవలు నా చేతికిచ్చి పగ్గం చివర పట్టుకుంది. నేను రోడ్డు మధ్యన నిలబడ్డాను. చెన్నై నుంచి బెంగుళూరు దాకా ఉన్న లారీలన్నీ ఆగిపోయాయి. చివరి బిడ్డ దాటిపోయేదాకా ఆ టవలు దించలేదు.

కల్పించింది

మాట ఇచ్చాను కదా, చెబుతున్నాను.

ఎలుకలు కొరికిన తీగ నిజం. కోడిపుంజు అలారం నిజం, సీయెం గారి రెండో లైను నిజం. ఆవులు మూడొందలు కావు, నలభై. ముందు పళ్ళు లేని పిల్లను రెండు బళ్ళలోనే చూశాను, మూడోది సొగసు కోసం వేశాను. కడుపులో ఉన్న ఇద్దరిని లెక్కలో రాసుకోమన్నది నిజం. నారాయణస్వామి గారు నా తప్పును తన నెత్తిన వేసుకున్నది నిజం. మణి అన్నదీ నిజమే. ఊరివాళ్ళ వేలిముద్రలున్న ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో, శాలువాల కింద ఉంది. హేమా, నువ్వు ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను. ఆ ముసలాయన కొళాయి సంగతి నాకు చెప్పడానికి రావద్దు. ముందు ఇంజనీరు ఆఫీసుకు వెళ్ళు.

రాజమ్మ ఎర్ర టవలుతో మా కార్లను ఆపింది నిజం. పగ్గం నిజం. "బ్రేకులు లేవా" అన్నది నా చెవులతో విన్నాను.

నేను అద్దం దించానని రాశాను చూడండి, అక్కడి నుంచి కల్పించాను. దిగలేదు. ఆమెతో మాట్లాడలేదు. ఆమె నాకు టవలు ఇవ్వలేదు. ఆ జవాబు నేనే కూర్చుకున్నాను. ఎన్నిసార్లు కూర్చుకున్నానంటే ఇప్పుడు అది ఆమె గొంతులోనే వినిపిస్తుంది.

జరిగింది ఇది. రాజమ్మ కారు వైపు తిరిగింది. నా వైపుది నల్ల అద్దం, బయటినుంచి చూసేవాళ్ళకు లోపల ఏమీ కనిపించదు. అది నాకు తెలుసు. అయినా నా చేయి దానంతటదే చెవి దగ్గరికి వెళ్ళి, గోక్కుని, ముందుకు చాపుకుంది. మణి వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూశాడు. ఎడమ జేబులోంచి ఫోను తీసిచ్చాడు.

నేను దాన్ని చెవికి పెట్టుకున్నాను. పగ్గం చివరి బిడ్డ రోడ్డు దాటేదాకా, "అట్లాగేనండీ, అట్లాగే" అంటూ కూర్చున్నాను.